కంచెక్క పీకిన మొక్కలు

ఆవిడ ఎక్కడ నిలబడినా ముందు కిందికి చూస్తుంది. తర్వాత వంగుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మొక్క మొదలు పట్టుకుని, తాళం తిప్పినట్టు అర చుట్టు తిప్పి, పైకి లాగుతుంది. వేరు తెగదు. మట్టి దులిపి కోటు జేబులో వేసుకుంటుంది. ఇదంతా అయ్యాకే ఎదుటి మనిషి అడిగినదానికి జవాబు చెబుతుంది.

బస్టాపులో పీకింది. బ్యాంకు మెట్ల సందుల్లో పీకింది. పెద్దాడపడుచు అంత్యక్రియల్లో అందరి తలలూ దుఃఖంతో వంగితే, ఆవిడ తల పనిమీద వంగింది. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని, పక్కనున్న కుండీలోంచి ఒకటి పీకింది. అది డాక్టరు డబ్బుపెట్టి కొనుక్కున్న మొక్క. ఆ రోజు తనకు మత్తుసూది సగమే ఇచ్చాడని ఆవిడకు ఇప్పటికీ అనుమానం.

అందరూ ఆవిడను కంచెక్క అంటారు. యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి. కంచె చూసుకోవడం పని.

ఊరు దాటాక రోడ్డు అరగంట తిన్నగా పోయి, గడ్డిమైదానం అంచున ఆగిపోతుంది. అవతల నూటముప్పై అడవిదున్నలు తిరుగుతుంటాయి. వాటి మధ్య ఇనుపతీగ కట్టిన నలుచదరపు ముక్కలు ఏడు. ప్రతిదాని పక్కనా అంతే కొలతతో, మూలకొక గుంజ పాతి వదిలేసిన ముక్క ఇంకొకటి. తీగ లోపలికి దున్న రాదు. బయట దాని ఇష్టం. లోపలిదాన్ని, బయటిదాన్ని పోల్చి చూస్తే, నేలకు దున్న ఏం చేస్తోందో తెలుస్తుంది. పన్నెండేళ్ళుగా పోలుస్తున్నారు.

చదువుకున్నవాళ్ళు వాటిని ప్లాట్లంటారు. కంచెక్క కూడా అదే అంటుంది. తన చేతిలో ఏడు ప్లాట్లున్నాయని ఓ పెళ్ళిలో చెప్పింది. చెల్లెలి మొగుడు ఆ సాయంత్రమంతా ఆవిడ వెనకే తిరిగాడు. కుర్చీ వేశాడు. మంచినీళ్ళు తెచ్చాడు. చివరికి గొంతు తగ్గించి, "వదినా, రోడ్డు పక్కది ఎంతకిస్తావ్?" అన్నాడు.

దున్నలను లెక్కపెట్టేవాడు దున్నల సార్. గడ్డిని కొలిచేది గడ్డి మేడమ్. ఇద్దరివీ వేర్వేరు విశ్వవిద్యాలయాలు. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. కానీ నిధులిచ్చే సంస్థకు ఒక నియమముంది. ఒక్కరే వచ్చి చెయ్యి చాపితే ఇవ్వరు. కలిసి చాపాలి. ఆ చుట్టుపక్కల బతికేవాళ్ళను కూడా కలుపుకుని చాపాలి. అందుకని పశువుల పెంపకందార్ల సంఘం అధ్యక్షుడు మూడో భాగస్వామి అయ్యాడు. దున్నలు ఉన్న గడ్డి మొత్తం మేసేస్తున్నాయి, వాటిని ఎక్కడికైనా తోలెయ్యండని అంతకుముందు పదేళ్ళు అర్జీలు పెట్టినవాడు ఆయనే. కోడి పెంపకం మీద నక్కను సలహాదారుగా పెట్టినట్టుందని దున్నల సార్ అన్నాడు. అని, సంతకం పెట్టాడు. దరఖాస్తు మీద ముగ్గురి ముద్రలూ పక్కపక్కనే, ఒకే సైజులో ఉంటాయి. ఆ సైజు తేలడానికి ఏడు ఉత్తరాలు పట్టాయి.

కాగితం బయట ముగ్గురినీ కలిపేది కంచెక్క. జీపులో సార్ ఒక కిటికీ పక్కన, మేడమ్ ఇంకో కిటికీ పక్కన, మధ్యలో ఆవిడ.

"అక్కా, గాలి రావట్లేదు, ఆ కిటికీ దించమని చెప్పు."

"దించితే దుమ్మొస్తుందని సార్‌కి చెప్పక్కా."

"దుమ్ము పడనివాళ్ళు మైదానం మీద పరిశోధన ఎందుకు పెట్టుకున్నారో కనుక్కో."

కంచెక్క ఏదీ చెప్పదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తుంది. మొత్తం మైదానంలో గడ్డి మొలవని చోటు ఆ ఇద్దరి మధ్య సీటొక్కటేనని ఇంటికెళ్ళి మొగుడితో అంటుంది.

ఈ పనికి రాకముందు ఆవిడ పదహారేళ్ళు ఒక నర్సరీలో కలుపు తీసింది. మళ్ళ మధ్య గొంతుక్కూర్చుని, పొద్దున ఒక చివర మొదలుపెడితే సాయంత్రానికి రెండో చివర లేచేది. ఆవిడ తీసిన మడిలో వారం దాకా చీపురుపుల్లంత పిచ్చిమొక్క కనబడేది కాదు. యజమాని కొడుకు నర్సరీ అమ్మేసి ఫోన్ల దుకాణం పెట్టాడు. ఫోన్లకు కలుపు రాదు. ఆవిడ పని పోయింది.

ఇక్కడ చేరిన రోజు దున్నల సార్ మొదటి ప్లాటు తలుపు తీసి చూపించాడు. అప్పటికి ఆయనకు నెత్తిన జుట్టుంది, మనుషుల మీద నమ్మకమూ ఉంది. "ఇది నా ప్రాణం అక్కా. మీ పెరడులా చూసుకో," అన్నాడు.

ఆవిడ అలాగే చూసుకుంది.

రోజూ పొద్దున ఏడు కంచెలూ చుట్టి వస్తుంది. గుంజ గుంజనూ పట్టుకుని ఊపి చూస్తుంది. వదులైన తీగను పటకారుతో బిగిస్తుంది. నాలుగో ప్లాటు మూలగుంజకు ఒక ముసలి మగదున్న రోజూ వీపు రుద్దుకుంటుంది. దానికి ఒక కొమ్ము సగం విరిగింది. ఆవిడ దాన్ని అల్లుడు అంటుంది. చెప్పకుండా వస్తాడు, మర్యాద చెయ్యాలి, పోయేటప్పుడు ఏదో ఒకటి విరగ్గొట్టి పోతాడు.

"రాత్రే పాతాను నాయనా ఆ గుంజ. మీ నాన్నగారు ఇంకోటి పంపారా," అంటుంది దూరంగా నిలబడి. అల్లుడు వినడు. వీపు అయ్యాక పొట్ట రుద్దుకుంటాడు.

కంచె చూడటం అయ్యాక ప్లాట్ల లోపలికి వెళ్ళి, కిందికి చూసి, వంగుతుంది. గడ్డి జోలికి పోదు. అది మేడమ్‌ది. దాని మధ్య ఎర్రటి కాడతో లేచే ముళ్ళ మొక్కలను మాత్రం ఏరి పీకుతుంది. వేలెడున్నప్పుడే పీకాలి, మోచెయ్యంత అయితే గునపం కావాలి. మేడమ్ మనుషులు కొలతలకు వచ్చే వారం ముందు ఇంకాస్త శ్రద్ధగా పీకుతుంది. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దనివాళ్ళెవరు? పీకినవి పారెయ్యదు. ఆ ప్లాటువి ఆ ప్లాటు కంచె అడుగునే, అడవిపందులు దూరకుండా కట్టలు కట్టి కుక్కుతుంది. ఎంత పొందికగా కుక్కావక్కా అని మేడమ్ రెండుసార్లు మెచ్చుకుంది కూడా.

ఏడో ప్లాటు ఒక్కటే ఆవిడకు దక్కలేదు. మొదటి ఏడే దాని తలుపు పక్కన కందిరీగలు పట్టు పెట్టాయి. ఆవిడ ఒకసారి లోపలికెళ్ళి, రెండు కళ్ళూ మూసుకుపోయి బయటికొచ్చింది. ఆ తర్వాత బయటినుంచే కంచె చూసుకుంది. నాలుగేళ్ళకు కందిరీగలు పోయాయి. అప్పటికి లోపల మనిషెత్తు ముళ్ళు. ఇక దాన్ని చూస్తే ఆవిడకు చుట్టాల ముందు పరవని పాత దుప్పటి గుర్తొచ్చేది.

పన్నెండో ఏడు చివర, నిధుల సంస్థ వాళ్ళు వచ్చేముందు రోజు, ముగ్గురు భాగస్వాములూ మైదానం అంచునున్న రేకుల గదిలో కూర్చున్నారు. రేపు ఏం చూపించాలో ఒకసారి చూసుకోవడానికి. బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద మూడేళ్ళ నాటి నివేదిక మడిచి పెట్టి ఉంది. ఆ నివేదిక వల్ల ఎవరికైనా ఉపయోగం కలిగిందంటే అది బల్లకే.

కంచెక్క టీ తెచ్చింది. మేడమ్ గోడమీద బొమ్మ వేసి చెబుతోంది.

"కంచె లోపల గడ్డి మోకాలెత్తు. బయట జానెడు. ముళ్ళ మొక్కలు లోపలా లేవు, బయటా లేవు. అంటే దున్నల వల్ల గడ్డి తగ్గుతోంది. ముళ్ళ విషయంలో మాత్రం దున్నలున్నా ఒకటే, లేకున్నా ఒకటే."

అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలాడు. "తినడం తప్ప వాటికి వేరే పని లేదని నేను పన్నెండేళ్ళ కిందటే చెప్పా. ఈ మాటకి ఇంత తీగ ఎందుకు చుట్టారో."

"అక్కా, ఏడో ప్లాటు మాటేంటో మేడమ్‌ని అడుగు," అన్నాడు దున్నల సార్.

"ఏడు లెక్కలోకి రాదని సార్‌కి చెప్పు. అక్కడ నేల వేరు."

"నేల కాదు, కింద నీళ్ళున్నాయని చెప్పు."

ఏడో ప్లాటులోనే ముళ్ళెందుకున్నాయన్నదాని మీద మేడమ్ రెండు వ్యాసాలు రాసింది. సార్ మూడు రాశాడు. ఎవరో ఒకాయన అక్కడ ఎప్పుడో పిడుగు పడిందని నిరూపించి డాక్టరేటు తీసుకెళ్ళాడు.

కంచెక్క చెయ్యి కప్పు మీద ఆగింది. "మేడమ్, ముళ్ళు లేవంటే... మొలవలేదనా?"

"మొలిస్తే ఉండేవి కదక్కా."

కంచెక్క టీ పళ్ళెం బల్లమీద పెట్టింది. చేతులు జేబుల్లో పెట్టుకుంది. జేబుల్లో ఆ పొద్దున పీకిన ముళ్ళ మొక్కలు పదకొండు ఉన్నాయి.

వాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు. నివేదిక ఇలాగే వెళ్తే సంస్థ ఇంకో రెండేళ్ళకు డబ్బిస్తుంది. ఆ రెండేళ్ళలో దున్నలను లారీలెక్కించి దూరపు అడవికి తరలిస్తారు. కంచెక్కకు కావలసింది కూడా ఆ రెండేళ్ళే. అవి నిండితే పింఛను వస్తుంది. నోరు మూసుకుంటే పింఛను. నోరు తెరిస్తే, ఇద్దరు పెద్దవాళ్ళ పన్నెండేళ్ళ చదువు మీద కుండెడు నీళ్ళు కుమ్మరించిన మనిషిని ఎవరు పనిలో ఉంచుకుంటారు?

ఆవిడ మొగుడు ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి దిగినవాడు. ఇప్పుడు ఇంట్లో వంట ఆయనదే. సాయంత్రం బంగాళాదుంపలు చెక్కు తీస్తూ మొత్తం విన్నాడు.

"అంటే పన్నెండేళ్ళు నువ్వే దున్నవన్నమాట," అన్నాడు.

"వేళాకోళం తర్వాత. చెప్పాలా వద్దా?"

"ఎవరైనా అడిగారా?"

"లేదు."

"మరింకేం. అడగని దానికి జవాబు చెప్పడం మన ఇంటా వంటా లేదు."

"దున్నల్ని తోలేస్తారండీ."

"తోలనీ. అల్లుడేగా. ఇంకో అత్తగారిని చూసుకుంటాడు."

కంచెక్క దుంపల గిన్నె తన వైపు లాక్కుంది. "మీరు బస్సు నడిపినన్నాళ్ళూ, బ్రేకు సరిగా పట్టట్లేదని తెలిసి డిపోలో చెప్పకుండా ఎప్పుడైనా ఉన్నారా?"

ఆయన కాసేపు దుంప చెక్కాడు. "ఒకసారి ఉన్నా."

"ఏమైంది?"

"పూల దుకాణంలోకెళ్ళి ఆగింది."

"మనుషులకేం కాలేదుగా."

"కాలేదు. నీకు మొదటిసారి పూలు తెచ్చానే, అదే రోజు."

ఆవిడ ఆయన వైపు చూసింది. ముప్పై రెండేళ్ళుగా ఆ పూల గురించి ఆవిడకు మంచి అభిప్రాయం ఉంది.

మర్నాడు సంస్థ తరఫున ముగ్గురు వచ్చారు. ఇద్దరు తలలూపడానికి. మూడో మనిషి డెబ్బై దాటిన పెద్దావిడ, నిర్ణయం ఆవిడదే. అందరికంటే పాత బూట్లు వేసుకుంది. అందరికంటే నెమ్మదిగా నడిచింది. మొదటి ప్లాటు దగ్గర ఆగి, "భలే శుభ్రంగా ఉంది," అంది. రెండో దాని దగ్గరా అదే అంది. ఆరో దాని దగ్గర ఆ మాట అనలేదు. కళ్ళు చిన్నవి చేసి చూసింది. ఏడోది వచ్చేసరికి కంచె బయట నిలబడిపోయింది.

లోపల ముళ్ళు తీగల మీదికెక్కి బయటికి చూస్తున్నాయి.

"ఇదెందుకిలా ఉంది?"

"నేల," అంది మేడమ్.

"నీళ్ళు," అన్నాడు సార్.

తలలూపేవాళ్ళలో ఒకాయన కాగితాలు తిరగేశాడు. "ఇక్కడ పిడుగని ఉందండీ."

కంచెక్క వెనక నిలబడి ఉంది. అడగలేదు కదా, నన్నెవరూ అడగలేదు కదా అని లోపల ఒకటికి రెండుసార్లు అనుకుంది. అనుకుంటూనే అంది.

"కందిరీగలమ్మా."

పెద్దావిడ వెనక్కి తిరిగింది. "కందిరీగల వల్ల ముళ్ళు మొలుస్తాయా?"

"మొలవడానికి కందిరీగలెందుకు. అన్ని ప్లాట్లలోనూ మొలుస్తాయి. మిగతావాటిల్లో నేను పీకేస్తా. దీంట్లోకి కందిరీగల వల్ల వెళ్ళలేకపోయా."

దూరంగా నాలుగో ప్లాటు మూలగుంజ కిర్రుమంది. అల్లుడు పనిలో ఉన్నాడు.

"పీకేస్తావా," అంది మేడమ్. "ఎప్పుడు?"

"రోజూ. మీరొచ్చే ముందు వారం కొంచెం ఎక్కువ."

మేడమ్ సార్ వైపు తిరిగింది. మధ్యలో కంచెక్క లేకుండా ఆయనతో నేరుగా మాట్లాడటం పన్నెండేళ్ళలో అదే మొదటిసారి.

"మీరు ఈవిడకి చేరినప్పుడు ఏం చెప్పారు?"

"కంచె జాగ్రత్తన్నా."

"మీ పెరడులా చూసుకో అన్నారు సార్," అంది కంచెక్క.

సార్ టోపీ తీసి, తల తడుముకున్నాడు. అక్కడ జుట్టు లేదు. "అది మర్యాదకి అన్న మాటక్కా."

"నాకేం తెలుసు సార్. నేను మాటకే కట్టుబడ్డా."

మేడమ్ వెనక్కి నడిచి మొదటి ప్లాటు దగ్గర నేలమీద కూర్చుంది. కంచె అడుగునున్న ఎండుకట్టల్లోంచి ఒకటి లాగింది. విప్పింది. ఎర్రకాడల ముళ్ళ మొక్కలు, వేళ్ళతో సహా. లెక్కపెట్టింది. ఇంకో కట్ట లాగింది. అరగంట ఎవరి మాటా వినలేదు. తను రెండుసార్లు మెచ్చుకున్న పొందిక అది. కళ్ళు తుడుచుకుందో దుమ్ము తుడుచుకుందో కంచెక్కకు అర్థం కాలేదు.

"కంచె లోపల ఇన్ని మొలిచాయి," అంది చివరికి. "బయట లేవు. బయట పీకేవాళ్ళెవరూ లేరు."

"తొక్కేవాళ్ళున్నారు," అన్నాడు సార్. "మొక్కల్ని తొక్కుతాయి, కొరుకుతాయి, విరుస్తాయి. నేను మొదటినుంచీ అదే అంటున్నా."

ఆయన మొదటినుంచీ అన్నది నీళ్ళని. ఎవరూ గుర్తు చెయ్యలేదు.

అధ్యక్షుడు మాత్రం ఇంకా ఏడో ప్లాటు దగ్గరే ఉన్నాడు. చేతులు నడుము మీద పెట్టుకుని, అద్దంలో చూసుకున్నట్టు ఆ ముళ్ళను చూస్తున్నాడు. చివరికి వీళ్ళ దగ్గరికి వచ్చాడు.

"మా తూర్పు బీడు అచ్చం ఇలాగే ఉంటుంది," అన్నాడు. "ఏటా కూలివాళ్ళని పెట్టి నరికిస్తా. ఏటా వస్తాయి. ఆవు దూరే సందు కూడా లేదు."

"దున్నలు అటు రావా?" అంది పెద్దావిడ.

"రాకుండా గోడ కట్టించా." ఇంకాసేపటికి, "సొంత ఖర్చుతో," అన్నాడు.

పెద్దావిడ నవ్వలేదు. తలలూపేవాళ్ళు అది చూసి తామూ మానేశారు. ఆవిడ పాత దరఖాస్తులన్నీ తెప్పించుకుని, రేకుల గదిలో బల్ల దగ్గర కూర్చుంది. బల్ల కింది దాన్ని కూడా లాగించి చదివింది. బల్ల ఒరిగింది.

"ఈవిడ పేరు ఎక్కడా లేదే."

సార్ వేలితో చూపించాడు. పన్నెండేళ్ళుగా కంచెక్క ఉన్న వరుస అది. *తీగ, మేకులు, ఇతరాలు.*

"ఈవిడ తీగా, మేకా?" అంది పెద్దావిడ.

"ఇతరాలండీ," అన్నాడు సార్, సిగ్గు తక్కువ మనిషి కాదు కాబట్టి చాలా చిన్నగా.

పెద్దావిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. అది జారి కంచెక్క వైపు వచ్చింది. కంచెక్క పట్టుకుంది.

"ఈ నివేదిక నేను తీసుకోను. తరలింపుకి పైసా ఇవ్వను. ఇంకో అయిదేళ్ళు ఇస్తా. ఈసారి మొదటి మూడు ప్లాట్లలో ఈవిడ ముళ్ళు పీకుతుంది. తర్వాతి మూడింటిలో పీకదు. ఏడోదాన్ని ఎవరూ ముట్టుకోరు. పీకినవి, మొలిచినవి ఈవిడే రాస్తుంది. దరఖాస్తులో ఈవిడకొక వరుస కావాలి, మీ ముగ్గురి పక్కన. ముద్ర లేకపోతే చెయ్యి గీసి పెట్టండి." తర్వాత కంచెక్కతో అంది, "పీకకుండా ఉండగలవా అమ్మా?"

కంచెక్క కిందికి చూసింది. గచ్చు పగుల్లోంచి ఒక గడ్డిపోచ లేస్తోంది. వంగబోయింది. గదిలో అందరూ ఆవిడ చేతినే చూస్తున్నారు.

"ప్రయత్నిస్తా," అంది నిటారుగా అయి. "ఇదైతే పీకొచ్చా? ఇది ప్లాటు కాదుగా."

సాయంత్రం మేడమ్ ఎర్రగుడ్డ చింపి నాలుగు, అయిదు, ఆరు తలుపులకు కట్టింది. గుడ్డ రెండో కొస సార్ పట్టుకున్నాడు. జీపులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పన్నెండేళ్ళలో మొదటిసారి కంచెక్కకు కిటికీ పక్కన చోటు దొరికింది. దించింది. దుమ్మొచ్చింది.

ఇంట్లో మొగుడు ఆవిడ కోటు ఉతకడానికి తీసి, అలవాటుగా జేబులు తిరగేశాడు. నిన్నటి పదకొండూ వాడిపోయి అందులోనే ఉన్నాయి.

"ఉద్యోగం?"

"అయిదేళ్ళు."

"పింఛను?"

"దాంతో పాటే."

"చూశావా, నేను చెప్పమంటే చెప్పావు, ఎంత మంచి జరిగిందో," అన్నాడు ఆయన.

మర్నాడు పొద్దున కంచెక్క మామూలు వేళకే వెళ్ళింది. గుంజలు ఊపింది. మొదటి మూడు ప్లాట్లలో పీకింది. నాలుగో ప్లాటు మూలగుంజ వంగి ఉంటే సరిచేసింది. అల్లుడు కాస్త అవతల నిలబడి, అయిపోయిందా అన్నట్టు చూస్తున్నాడు. ఎర్రగుడ్డ పక్కకు జరిపి, తలుపు తీసి లోపలికెళ్ళింది. కిందికి చూసింది. వేలెడు ముళ్ళ మొక్క, ఎర్రటి కాడ, రెండే ఆకులు. వంగింది. రెండు వేళ్ళూ మొదలు దాకా వెళ్ళాయి. పట్టుకున్నాయి. కొంచెంసేపు అలాగే ఉన్నాయి. తర్వాత వదిలాయి. ఆవిడ జేబులోంచి పుల్ల తీసి దాని పక్కన గుచ్చింది. మేడమ్ ఇచ్చిన కొత్త పుస్తకం మోకాలి మీద పెట్టుకుని తేదీ వేసింది. *నాలుగో ప్లాటు. ఒకటి,* అని రాసింది. రాసి, రెండో చెయ్యి కోటు జేబులోనే ఉంచుకుని, తర్వాతి దాని కోసం కిందికి చూస్తూ నడిచింది.